పది కోలా కాయలు

కొబెన్యా ఊళ్ళో మేస్త్రీని పిలవాలంటే వక్కల్లా నమిలే కోలా కాయలు పది కావాలి. పదకొండు తెచ్చినా తప్పులేదు గాని తొమ్మిది తేకూడదు. పచ్చి ఆకులో చుట్టి, ఇంటి యజమాని స్వయంగా నడిచి వచ్చి, మేస్త్రీ అరచేతిలో పెట్టి, "వానలొస్తున్నాయి, నీ గోడ నిన్ను అడుగుతోంది" అనాలి. ఆ మాట అనేదాకా కట్టిన మేస్త్రీ ఆ గోడ మీద చెయ్యి వెయ్యడు. వేరే మేస్త్రీ అసలే వెయ్యడు. ఒకడి కంచంలో ఇంకొకడు చెయ్యి పెడతాడా? ఎవరూ పిలవకుండా మేస్త్రీ వెళ్ళేది ఒక్క ఖబరస్తాన్‌కే. గోతిలో శవాన్ని పెట్టిన గూడు మూయడానికి పచ్చి ఇటుకలూ అడుసూ పట్టుకుని తనంతట తనే పోతాడు. చచ్చినవాళ్ళు కోలా ఎక్కణ్ణుంచి తెస్తారు పాపం!

బామోయ్ తియెంతాకు ఈ కట్టుబాటు ఉగ్గుపాలతో వచ్చింది. అరవై మూడేళ్ళ మనిషి, నాలుగు తరాలుగా తాపీ పట్టిన బోజో వంశం. ఊళ్ళో నలభై ఒక్క మట్టి ఇళ్ళు ఆయన చేతి కింద ఉన్నాయి. ఏటా పంట ఇంటికి చేరాక, వానలకు ముందు, ఒక్కొక్క ఇంటి నుంచీ కోలా వస్తుంది. ఆయన వెళ్ళి గోడలన్నీ కొత్త అడుసుతో మెత్తి వస్తాడు. ఆ ఏడాది నలభై ఇళ్ళ నుంచి వచ్చింది. నలభై ఇళ్ళూ మెత్తేశాడు. నలభై ఒకటోది కాన్పుల ఆసుపత్రి. ఆయన కట్టిన వాటిలోకెల్లా పెద్దది అదే, ఆఖరిదీ అదే. కన్నకూతురు మైమూనా నర్సుగా ఉన్నది కూడా అందులోనే. అక్కణ్ణుంచి మాత్రం కోలా రాలేదు.

రాకపోయినా మట్టి నానబెట్టాడు. పెరట్లో గొయ్యి తీసి, ఏటి మట్టీ ఊకా కలిపి, నీళ్ళు పోసి మురగనిచ్చాడు. మురిగిన అడుసు కంపు పక్కవీధి దాకా పోతుంది. ఎంత కంపు కొడితే అంత గట్టిగా గోడను పట్టుకుంటుందని మేస్త్రీల మాట. "ఎవరింటికి మేస్త్రీ ఇంత అడుసు?" అని దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకుని అడిగితే, "ఎవరో ఒకరు పిలవకపోతారా" అని మొహం తిప్పుకునేవాడు. ఎంత మట్టి ఎంత గోడకు వస్తుందో ఆయనకు కొలవకుండానే తెలుసు. ఆ గోతిలో నానుతున్నది సరిగ్గా ఆసుపత్రికి సరిపడా అడుసు.

అసలు తంటా రెండేళ్ళ కిందట మొదలైంది. రాజధాని బమాకో నుంచి రోకియా దియావారా అని ఒక ఇంజనీరమ్మ వచ్చింది. అంతకుముందు వచ్చిన ఇంజనీర్లందరూ సిమెంటు బస్తా చంకలో పెట్టుకుని వచ్చినవాళ్ళే. వాళ్ళు కట్టిన పాత ఆసుపత్రి రేకుల కింద పొయ్యిలా ఉండేది. నొప్పుల మీద ఉన్న ఆడవాళ్ళు నొప్పులకు కాదు, ఆ ఉక్కకు సొమ్మసిల్లిపోయేవాళ్ళు. రోకియా వచ్చి, "సిమెంటు వద్దు బాబాయ్. మీ మట్టి, మీ చేతులు, మీ మందపాటి గోడ. అంతే చాలు," అంది. ఆ మాటతో బామోయ్ ఆవిడకు దాసుడైపోయాడు.

ఆవిడ దగ్గర ఒక కాగితాల కట్ట ఉండేది. దాన్ని పచ్చ ప్రమాణం అనేది. కొత్తగా కట్టే ఇంటికైనా, పాతది బాగుచేసుకునే ఇంటికైనా, గాలికీ నీటికీ నేలకూ చేటు చెయ్యకుండా ఎలా కట్టుకోవాలో అందులో రాసి ఉంది. ప్రభుత్వం అడిగింది కాదు, చట్టం అడిగింది కాదు. ఇష్టపడి మెడకు కట్టుకున్న గంట. మట్టి ఎంత దూరం నుంచి వచ్చింది, మధ్యాహ్నం లోపల ఎంత వేడి ఉంది, వాననీళ్ళు ఎక్కడ నిలవ చేస్తారు, అన్నిటికీ మార్కులు. వందకు డెబ్భై ఐదు దాటితే గోడకు బంగారు రంగు బిళ్ళ. ఆ బిళ్ళ వస్తే, ఆసుపత్రికి డబ్బిచ్చినవాళ్ళు ఇలాంటి మట్టి ఆసుపత్రులే ఇంకో మూడు ఊళ్ళలో కడతామన్నారు.

"మట్టి ఎలా వస్తుంది బాబాయ్?"

"ఏటి ఒడ్డు నుంచి. గాడిద మీద."

"గాడిదా! అయితే రెండు మార్కులు."

"మార్కులు గాడిదకా, నాకా?"

రోకియా పకపకా నవ్వింది. బామోయ్ కూడా నవ్వాడు గాని ఆ రాత్రి అన్నం సహించలేదు సంతోషంతో. ముత్తాత నాటి నుంచీ ఈ మట్టిని చూసి పట్నపువాళ్ళు పెదవి విరిచినవాళ్ళే. మార్కులు వేసినవాళ్ళు ఒక్కరూ లేరు.

మిద్దె మీద ఆఖరి అడుసు వేసిన రోజు పండగలా జరిగింది. పొట్టేళ్ళు కోశారు, ఇమామ్ దువా చదివాడు, ఊరంతా కింద నిలబడింది. ఆ రోజు కట్టిన మేస్త్రీ మిద్దె అంచున కూర్చోవాలి, మంచిమాటే మాట్లాడాలి. కొత్త గోడ వింటుండగా పగులు, కూలు, రిపేరు అన్న మాటలు నోట రాకూడదు. పెళ్ళిపందిట్లో ఎవరైనా చావు మాట ఎత్తుతారా? సరిగ్గా ఆ వేళ రోకియా కలం పట్టుకుని నిచ్చెనెక్కి వచ్చింది.

"బాబాయ్, డెబ్భై రెండు దగ్గర ఆగిపోయాం. ఒక్క ప్రశ్నే మిగిలింది. అయిదేళ్ళ దాకా బయటి గోడకు కొత్త పూత అక్కర్లేదని మేస్త్రీ చెబితే నాలుగు మార్కులు. నీ పేరు మీద రాయనా?"

బామోయ్‌కి తెలుసు. మట్టి గోడకు ఏటా మెత్తాలి. రెండో ఏడు తప్పితే గోడ నీళ్ళు తాగుతుంది, మూడో ఏడుకు ఉండదు. తన పేరు తనకు ఎంత తెలుసో అదీ అంతే తెలుసు. కాని కింద ఊరంతా తలెత్తి చూస్తోంది. తెల్లకోటు వేసుకుని మైమూనా నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తండ్రి వంకే చూస్తోంది. కింద గోడ వింటోంది.

"రాయి," అన్నాడు.

కాగితం మాట కాగితానిది, గోడ మాట గోడది అనుకున్నాడు. పంటలవగానే ఎలాగూ కోలా వస్తుంది, తను ఎలాగూ మెత్తుతాడు. మేస్త్రీని పిలవని ఇల్లు ఈ భూమ్మీద ఎక్కడుంది? రోకియా మాత్రం వేరే దేశం నుంచి ఊడిపడిందా? మట్టి ఇంటికి ఏటా మెత్తుతారని ఆవిడకూ తెలుసు. మనం ఏం రాసినా ఊరివాళ్ళు మెత్తుకోక మానరులే అనుకుంది. ఇలా ఇద్దరు తెలిసినవాళ్ళు కలిసి తెలియనివాళ్ళ కోసం ఒక అబద్ధం రాశారు.

బిళ్ళ వచ్చింది. చూడ్డానికి ఎవరూ రాలేదు, ఫోటోలు పంపితే సరిపోయింది. వాకిలి పక్కన ముందు గోడకు దాన్ని బిగించారు. మొదటి ఏడాది వానలను కొత్త గోడ నవ్వుతూ కాసుకుంది. లోపల కుండలో నీళ్ళలా చల్లగా ఉండేది. ఆ ఏడాదిలో మైమూనా నూట పన్నెండు కాన్పులు చేసింది, ఒక్క తల్లినీ పోగొట్టుకోలేదు. మొగుడు పోయాక తండ్రి పంచన చేరిన మనిషి, అంతవరకూ గట్టిగా నవ్వి ఎరగదు. ఆ ఏడు నవ్వింది.

రెండో ఏడు ఎండలు ముదిరాయి. కోలా రాలేదు. ఒకనాడు మధ్యాహ్నం అన్నం దగ్గర మైమూనా మాట ఎత్తింది.

"నాన్నా, ఆసుపత్రి గోడ ఎప్పుడు మెత్తుతావు?"

"పిలిచినప్పుడు."

"పిలవకపోతే?"

"పిలవకపోవడమేమిటే? నేనేమన్నా పిలవని పేరంటానికి పోయేవాడిలా కనబడుతున్నానా?"

"సరే, కోలా నేను తెస్తా. పది కాదు, ఇరవై తెస్తా."

"నా ఇంటి పిల్లవి నువ్వు. నువ్వు తెస్తే నా కుడిచేతిలోంచి తీసి ఎడమచేతిలో పెట్టుకున్నట్టు. ఊళ్ళో మిగతా మేస్త్రీలు ఏమంటారు? పనిలేక బామోయ్ కూతురి చేత కోలా కొనిపించుకున్నాడంటారు."

"అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నువ్వైనా వెళ్ళి అడగొచ్చుగా, వాళ్ళకు తెలియదేమో!"

"అడగడమా!" అని చేప ముల్లు కంచంలో విసిరి లేచిపోయాడు. ముక్కు మీద ఉంటుంది కోపం ఆయనకు. గోతి దగ్గరకు వెళ్ళి, కాసేపు ఊరికే అడుసును కాళ్ళతో తొక్కాడు.

మైమూనా ఊరుకోలేదు. ఆసుపత్రి కమిటీ అధ్యక్షుడు హమ్మాదూన్ దగ్గరకు వెళ్ళింది. ధాన్యం వ్యాపారి, మనిషి చెడ్డవాడు కాదు గాని కాగితమంటే భక్తి. ఆసుపత్రికి యజమానంటూ ఉంటే ఆయనే, కోలా తేవలసినదీ ఆయనే.

"అమ్మాయ్, కాగితంలో ఏముందో నువ్వు చదివావా?" అన్నాడు హమ్మాదూన్. "అయిదేళ్ళు పూత అక్కర్లేదని ఉంది. పైగా ఇంకో ముక్క కూడా ఉంది. బిళ్ళ ఇచ్చాక బయటి గోడకు ఏ మార్పు చేసినా ముందు వాళ్ళకు రాసి అనుమతి తీసుకోవాలట. నేను చెయ్యి పెట్టి, బిళ్ళ ఊడిపోతే? ఆ మూడు ఊళ్ళవాళ్ళు నా గడ్డం పీకరూ?"

"కాగితం వానలో తడవదు గాని గోడ తడుస్తుంది, హమ్మాదూన్ బాబాయ్."

"ఆ గోడ గురించి రాయించింది మీ నాన్నే కదమ్మా! నాకంటే ఆయనకు తక్కువ తెలుసా?"

మైమూనా లేచింది. ఇంటికి వచ్చి ఆ మాట తండ్రికి చెప్పలేదు. బమాకోకు ఫోన్ చేసి రోకియాకు చెప్పింది. "అయ్యో, అసలు మెత్తనే లేదా? మెత్తుతారనుకున్నానే!" అంది రోకియా. ఆ పూటే హమ్మాదూన్‌కు ఫోన్ చేసింది. ఆయన వినయంగానే, "మీరు చెప్పింది నిజమే మేడమ్, కాని నోటిమాట వద్దు. ముద్రవేసి ఉత్తరం పంపండి," అన్నాడు. అనుమతి తెచ్చి ఉత్తరం పంపుతానంది ఆవిడ. అనుమతి ఇచ్చేవాళ్ళు ఇంకెక్కడో సముద్రాల అవతల ఉన్నారు. వానలకు ఆ సంగతి తెలియదు, వాటి వేళకు అవి వచ్చేశాయి.

మొదటి వాన తేలిగ్గా పోయింది. రెండోది దంచికొట్టింది. మర్నాడు పొద్దున అంబాకానే అన్న పేరున్న ఆసుపత్రి కాపలాదారు బామోయ్ అరుగు దగ్గరకు వచ్చాడు. అతను దోగోన్, కొండల మీద ఉల్లి పండించే తెగ. ఏట్లో చేపలు పట్టే బోజోలకూ దోగోన్లకూ తాతలనాటి నుంచీ వేళాకోళపు చుట్టరికం. ఎదురుపడితే తిట్టుకోవలసిందే, తిట్టించుకున్నవాడు నవ్వవలసిందే. అరుగు మీద నలుగురు కూర్చుని రెండో గ్లాసు టీ కాచుకుంటున్నారు.

"ఏరా చేపకంపు బావా, ఇంకా బతికే ఉన్నావా?"

"రారా ఉల్లిగడ్డా. మీ కొండ మీంచి దొర్లి మా ఊళ్ళో పడ్డావు, మళ్ళీ ఎవడూ ఏరుకుపోలేదే నిన్ను?"

"నీ గోడ ఏడుస్తోందిరా."

"ఉల్లిగడ్డను పక్కన పెట్టుకుంటే ఎవరికైనా ఏడుపొస్తుంది."

అరుగంతా ఘొల్లుమంది. అంబాకానే నవ్వలేదు.

"ఉత్తరం వైపు మిద్దె గొట్టం జారిపోయిందిరా. నీళ్ళు దూరంగా పడటం లేదు, గోడ వెంటే దిగుతున్నాయి. అడుగున గుల్ల పడింది. నా చెయ్యి మోచేతి దాకా దూరింది."

"నీ చెయ్యి దూరని చోటేదిరా? నిన్న మా వదిన చేపల బుట్టలో కూడా దూరిందట!" అన్నాడు అరుగు మీది మనిషి ఒకడు. మళ్ళీ నవ్వులు.

"అల్లా మీద ఒట్టు, నేను వేళాకోళం ఆడటం లేదు."

"బోజోవాడి ముందు దోగోన్ ఒట్టు వేస్తే నమ్మమంటారా అయ్యా?" అన్నాడు బామోయ్ అలవాటు కొద్దీ. అందరూ తొడలు చరుచుకున్నారు. అంబాకానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆఖరి మాట తనది కాకుండా అతను వెళ్ళడం బామోయ్ ఎప్పుడూ చూడలేదు. చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ రోజే సాయంత్రం నమాజు కాకముందు బామోయ్ తాపీ చంకలో పెట్టుకుని, పైన కండువా కప్పుకుని బయల్దేరాడు. ఆసుపత్రి వెనక్కి వెళ్ళి ఉత్తరపు గోడ ముందు నిలబడ్డాడు. అంబాకానే చెప్పింది అక్షరాలా నిజం. నీటి చార మిద్దె నుంచి నేల దాకా నల్లగా దిగింది. అరచెయ్యి ఆనిస్తే గోడ మెత్తగా, జ్వరం దిగిన ఒళ్ళులా చెమ్మగా తగిలింది. ఇప్పటికింకా గోటితో పోయేదే. గొట్టం ఎత్తి కట్టి, గుల్లలో నాలుగు ఇటుకలు కూరి, పైన మెత్తితే రెండు రోజుల పని. రేపటికి గొడ్డలి కూడా చాలదు. చంకలో తాపీ సర్దుకున్నాడు.

"ఏం బామోయ్, ఇటొచ్చావు?" అని వెనకనుంచి హమ్మాదూన్ గొంతు వినిపించింది. ఆయన భార్య చెల్లెలు లోపల బాలింతగా ఉంది, చూడ్డానికి వచ్చాడు. బామోయ్ కండువాలోంచి తాపీ కొస కనబడుతోంది. హమ్మాదూన్ దాన్ని చూశాడు. కొంచెం నవ్వాడు కూడా. "అయిదేళ్ళు అక్కర్లేదని నువ్వే రాయించి, రెండో ఏడే తాపీ పట్టుకుని తిరుగుతున్నావేమయ్యా? పనులు తగ్గాయా?"

అప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. 'ఆ రోజు నేను చెప్పింది తప్పు, గోడ పోతోంది, కోలా తే' అంటే సరిపోయేది. కాని పనికోసం చెయ్యి చాచి వచ్చినవాడిలా ఆయన తన వంక చూస్తుంటే బామోయ్ కండువాను తాపీ మీదికి లాక్కున్నాడు. "ఊరికే, గాలికి వచ్చాను," అని వెనక్కి తిరిగాడు. ఏం గాలి! ఆకు కదలడం లేదు ఆ వేళ.

బుధవారం మధ్యాహ్నం మైమూనా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా తండ్రి ఎదుట కూర్చుంది.

"ఉత్తరపు గదిలో గోడ మీంచి మట్టి రాలుతోంది నాన్నా. మంచాలన్నీ ఇవతలి గదిలోకి లాగించాను. కాన్పు బల్లా, బిడ్డను తూచే త్రాసూ కదపడానికి చోటు లేదు, అవి అక్కడే ఉన్నాయి. నేను రోజంతా అక్కడే ఉంటున్నాను. నీ పరువు ఎక్కువో నేను ఎక్కువో చెప్పు, నేను పోతాను."

బామోయ్ నేల చూశాడు. ఆ పిల్ల ఎన్నడూ అంత మాట అనలేదు.

"శుక్రవారం నమాజు దాకా ఆగు తల్లీ. అప్పటికీ రాకపోతే కోలా లేదు, గీలా లేదు. నా అంతట నేనే వెళ్తాను. ఊరు ఉమ్మేస్తే ఉమ్మెయ్యనీ."

"ఒట్టు?"

"ఒట్టు."

మైమూనా కళ్ళు తుడుచుకుని నవ్వింది. "అడుసు కంపు భరించలేక చస్తున్నాం, త్వరగా గోడకెక్కించు," అంది. తర్వాత ఇద్దరూ ఒకే పళ్ళెంలో అన్నం తిన్నారు. శుక్రవారం అని ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. గురువారం అనివుండవచ్చు. ఆ పూటే లేచి వెళ్ళివుండవచ్చు. మొండితనం కూడా గోడలాంటిదే, ఒక్కసారిగా కూలడానికి ఒప్పుకోదు, ఇంకో రెండు రోజులు నిలబడతానంటుంది.

గురువారం తెల్లవారుజాము నుంచీ వాన. చేపలవాళ్ళ గుడిసెల నుంచి ఒక పిల్లను నొప్పులతో ఆసుపత్రికి తెచ్చారని కబురొస్తే, మైమూనా నెత్తిన ప్లాస్టిక్ కాగితం కప్పుకుని బయల్దేరింది. గుమ్మంలో ఆగి, "రేపేగా!" అంది. "రేపే," అన్నాడు బామోయ్.

మట్టి గోడ కూలితే పెద్ద మోతేమీ రాదు. బస్తా దింపినట్టు ఒక్కసారి దభీమంటుంది, అంతే. వాన హోరులో బామోయ్‌కి అది కూడా వినబడలేదు. అంబాకానే పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒంటినిండా మట్టి. తిట్టలేదు. "బావా" అని కూడా అనలేదు. "బామోయ్," అన్నాడు. ఇరవై ఏళ్ళలో అతను ఆయన్ని పేరుపెట్టి పిలవడం అదే మొదలు.

జరిగింది ఇదీ. బిడ్డ పుట్టింది, మగపిల్లాడు. త్రాసులో పడుకోబెట్టి తూస్తున్నప్పుడు పైనుంచి పెళ్ళలు రాలాయి. మైమూనా ముందు తల్లిని రెక్కపట్టి ఇవతలికి లాక్కొచ్చి, అంబాకానే చేతుల్లోకి తోసి, బిడ్డకోసం మళ్ళీ లోపలికి పోయింది. గడప దాటి నాలుగు అడుగులు. బిడ్డను ఎత్తుకుంది కూడా, వెనక్కి తిరగడం అతను చూశాడు. అప్పుడు ఉత్తరపు గోడా, దాని మీది మిద్దే కలిసి దిగిపోయాయి.

ఊరంతా తవ్వింది. పారలు వద్దని అరిచి బామోయ్ చేతులతో తవ్వాడు. ఒక్కొక్క ఇటుకా తన చేత్తో పెట్టిందే, తన చేత్తోనే తీశాడు. సగం ఇటుకలు నీళ్ళు తాగి తాగి వేళ్ళ మధ్యనుంచి ముద్దలుగా జారిపోయాయి. బయటికి తీసేసరికి ఇద్దరూ లేరు. ఏడో రోజు పెట్టవలసిన పేరు ఆ పిల్లాడికి ఎవరూ పెట్టకుండానే పోయింది. ముందు గోడ చెక్కుచెదరలేదు. బిళ్ళ వానకు తళతళా మెరుస్తోంది, ఎవరో దాని మీద మట్టి ముద్ద విసిరారు.

ఇంట్లో ఆడవాళ్ళు మైమూనాకు స్నానం చేయిస్తున్నారు. బామోయ్ గుమ్మం బయట కూర్చున్నాడు. హమ్మాదూన్ వచ్చాడు, తలమీద టోపీ లేదు, తడిసి ముద్దయ్యాడు. పచ్చి ఆకు పొట్లం బామోయ్ ముందు పట్టుకున్నాడు.

"పది ఉన్నాయి బామోయ్. తెల్లవే ఏరి తెచ్చాను. నీ గోడ... నీ గోడ నిన్ను..." అని గట్టిగా ఏడ్చేశాడు. "నన్ను కొట్టవయ్యా. నోరు తెరిచి తిట్టవయ్యా."

చేతులు కాలాక ఆకులు అంటే ఇదే. బామోయ్ తిట్టలేదు. ఏమని తిడతాడు? కోలా తెచ్చినప్పుడు మేస్త్రీ చెయ్యి దానంతట అదే తెరుచుకుంటుంది, నలభై ఏళ్ళ అలవాటు. తెరుచుకుంది. పొట్లం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. రోకియా పంపిన ఉత్తరం, ముద్రతో సహా, ఆ తర్వాతి సోమవారం సంత లారీలో వచ్చింది. దాన్ని విప్పినవాళ్ళు లేరు.

ఆ గురువారం సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. మగవాళ్ళు శవాలను ఎత్తుకున్నారు. బామోయ్ పెరట్లోకి వెళ్ళి, గోతిలోంచి రెండు బుట్టల అడుసు ఎత్తాడు. నెలల తరబడి మురిగిన అడుసు, జిగురులా సాగుతోంది. జీవితంలో అంత బాగా నానిన మట్టి ఆయన చేతికి ఎప్పుడూ రాలేదు. దారి పొడుగునా ఆ కంపు వాళ్ళ వెంట వచ్చింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు.

"నీ చేత్తో వద్దు మేస్త్రీ, మేం చూసుకుంటాం," అన్నారు మిగతా మేస్త్రీలు. ఆయన వినిపించుకోలేదు. గోతిలోకి దిగి, కూతుర్ని గూట్లో పక్కకు ఒత్తిగిలబెట్టి, పచ్చి ఇటుకలు ఒక్కొక్కటే పేర్చాడు. అంబాకానే పైనుంచి అందించాడు. చావింట కూడా వేళాకోళం ఆడవలసిన చుట్టం అతను, ఆడితేనే ఏడ్చేవాళ్ళకు ఊపిరాడుతుందంటారు. "ఒరేయ్ చేపా..." అని మొదలుపెట్టాడు. ముందుకు సాగలేదు. తర్వాతి ఇటుక అందించాడు.

బామోయ్ మెత్తడం మొదలుపెట్టాడు. వంగినప్పుడల్లా జేబులో పది కాయలు తొడకు గుచ్చుకుంటున్నాయి. మూల మూలా నొక్కి, సందు సందూ కూరి, తడిచేత్తో మూడుసార్లు నున్నగా రుద్దాడు. వాన చుక్క లోపలికి దిగడానికి వెంట్రుకంత దారి ఉంచలేదు. తర్వాత పక్క గోతిలోకి దిగి, పేరు లేని ఆ పిల్లాడి చిన్న గూటికి కూడా అలాగే చేశాడు. పని పూర్తయింది గాని ఆయన పైకి రాలేదు. అడుసు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అంబాకానే చెయ్యి అందించాడు.

"ఒరేయ్ అంబాకానే," అన్నాడు బామోయ్. "ఇక్కడికి నన్నెవరు పిలిచార్రా?"

"ఎవరూ పిలవలేదు బావా."

"మరి వచ్చానుగా," అన్నాడు.

చెయ్యి పట్టుకుని పైకి లాగారు. ఇంటిదాకా నడిపించుకు వచ్చారు. దారిలో ఎవరు ఎదురుపడితే వాళ్ళ చెయ్యి పట్టుకుని అదే మాట. ఎవరూ పిలవలేదు, మరి వచ్చానుగా, ఎవరూ పిలవకుండానే వచ్చానుగా అని.